భద్రేశ్వరుడి లోయలో ఒక పూట

బండి కదిలింది. కడ్డీ గట్టిగా పట్టుకోండి.

తలుపుల్లేని బ్యాటరీ బండి ఇది. మలుపు తిరిగినప్పుడల్లా మీ భుజం పక్కన కూర్చున్న అమ్మ భుజానికి తగులుతోంది. రోడ్డుకు రెండు వైపులా అడవి. రాత్రి పడ్డ వాన ఆకుల చివర్ల నుంచి ఇంకా కారుతూనే ఉంది. టికెట్ గేటు వెనకబడింది. గుడులు ఇంకా రెండు కిలోమీటర్లు లోపల ఉన్నాయి.

టైము చూసుకోండి. తొమ్మిది దాటింది. పదకొండున్నరకల్లా లోయ బయట ఉండాలి, ఆ తర్వాత పడవ ఎక్కాలి. మీ చేతిలో ఉన్నది రెండు గంటల చిల్లర. మే నెల ఎండ పదింటికే ఈ కొండల మధ్య చిక్కుకుని కదలకుండా కూర్చుంటుంది. పదకొండు దాటితే అడుగు వేయనివ్వదు. అందుకని ఈ పూటంతా మలుపు మలుపుకూ ఒకటి ఎంచుకుని ఇంకొకటి వదులుకోవాల్సిందే.

ఇది మధ్య వియత్నాం. పొద్దున్నే హోయ్ ఆన్‌లో బస్సెక్కి, వరి చేల మధ్య నలభై కిలోమీటర్లు వచ్చారు. ఈ లోయ పేరు మీసన్. చాం ప్రజల రాజ్యం చంపా, ఆ రాజుల శివక్షేత్రం ఇది. అమ్మ ఒళ్లో చేతిసంచి ఉంది. అందులో గేటు దగ్గర చెట్టు కింద ఏరుకున్న నాలుగు దేవగన్నేరు పూలున్నాయి. గుడికి ఒట్టి చేతులతో వెళ్లడం ఆమెకు చేతకాదు.

బండి ఆగింది. దిగగానే సన్నాయి వినిపిస్తోంది. చెట్ల వెనక నాట్యశాలలో చాం కళాకారులు ఆట మొదలుపెట్టారు. జనం అటే కదిలారు. అక్కడ నీడ ఉంది, ఫ్యాన్లున్నాయి, కూర్చోవడానికి బల్లలున్నాయి. గైడ్ మీ వైపు తిరిగాడు.

"ఆట అరగంట. చూడాలంటే చూడండి. కానీ ఆ అరగంటా గుడుల దగ్గర మనుషులుండరు. ఎటు వెళ్దాం?"

అమ్మ మోకాళ్లు గుర్తొచ్చాయి. ఆమె వైపు చూశారు. ఆమె అప్పటికే కొంగు బొడ్లో దోపుకుంది.

"ఆట ఎక్కడైనా చూడొచ్చు నాన్నా. పద."

నడవండి. కుడి వైపు వాగు గలగలమంటోంది. చిన్న వంతెన దాటారు. చెట్లు ఒక్కసారిగా పక్కకు తప్పుకున్నాయి. ఎదురుగా ఎర్రటి ఇటుక గోపురాలు. ఒకటి కాదు, ఒకదాని భుజం వెనక ఇంకొకటి. నెత్తిన గడ్డి మొలిచి ఉంది. వాటి వెనక నిటారుగా లేచిన కొండ, మొన మీద మబ్బు. లోయ చుట్టూ కొండలే. మీరొచ్చిన దారి తప్ప బయటికి ఇంకో దారి ఉన్నట్టు కనబడదు.

అమ్మ ఆగిపోయింది. వంగి చెప్పులు విప్పుతోంది.

"వద్దమ్మా, రాళ్లున్నాయి," అంటున్నాడు గైడ్. అమ్మా అన్న పిలుపు అతను దారిలోనే పట్టేశాడు.

"గుడి కదా బాబూ."

ఆమె అన్నది తెలుగులో. అతనికి అర్థమైంది. చెప్పులు వేసుకునే నడిచి, గడప దగ్గర విప్పితే చాలని సైగ చేశాడు. అమ్మ ఒప్పుకుంది.

గోడ దగ్గరకు రండి. ముట్టుకోవద్దు, కళ్లతో చూడండి. ఇటుకకూ ఇటుకకూ మధ్య చూడండి. గీత ఉంది, అంతే. సున్నం లేదు, గచ్చు లేదు. వెంట్రుక కూడా దూరేట్టు లేదు. అమ్మ చిన్నప్పుడు వాళ్ల ఊళ్లో కోనేరు మెట్లకు గానుగ సున్నం రుబ్బడం చూసింది.

"మరి దేంతో అతికించారు?"

నూరేళ్లకు పైగా పండితులు అడుగుతున్నదీ అదే. గోడ కట్టాక మొత్తం కాల్చారని కొందరన్నారు. ఇటుకను ఇటుక మీద నీళ్లతో రుద్ది కూర్చోబెట్టారని ఇంకొందరన్నారు. ఇక్కడి అడవుల్లో ఒక పెద్ద చెట్టుంది, దాని బంక పడవలకు పూస్తారు. ఆ జాతి బంకే వాడి ఉంటారన్నది ఇప్పుడు ఎక్కువ మంది మాట. మీ ముందున్న గోడ మాత్రం వెయ్యేళ్ల వానలు తిని కూడా శుభ్రంగా, ఎర్రగా ఉంది. ఆ పక్కనే నల్లబడి, నాచు పట్టి, ఉప్పు పూసిన ఇటుకలు చూశారా? అవి కొత్తవి. నిన్నమొన్న మరమ్మతుకు పెట్టినవి.

గోడ మీద దేవతలున్నారు. చేతులు జోడించి నిలబడ్డారు. ఇటుకలన్నీ పేర్చాక గోడ మీదే ఉలి పెట్టి చెక్కారు. ఉలి ఒక్కసారి జారితే ఇటుక మార్చడానికి లేదు. ఆ దేవత ముక్కు చూడండి. రెండు ఇటుకల అతుకు సరిగ్గా ముక్కు మీదుగానే పోతోంది. చెక్కినవాడి చెయ్యి వణకలేదు.

ఎడమ పక్కనున్న ఆ చిన్న కట్టడాన్ని వదలకండి. దాని పైకప్పు బోర్లించిన పడవలా వంపు తిరిగి ఉంది. బి5 అంటారు దీన్ని. పూజ సామగ్రి, గ్రంథాలు దాచిన కోశగృహం. పక్క గోడ మీద చెట్టు కింద రెండు ఏనుగులు తొండాలు కలుపుకుని నిలబడ్డాయి. కొండల నడుమ గుడికి పడవ కప్పు ఎందుకు? ఈ ప్రశ్న జేబులో వేసుకోండి. మధ్యాహ్నం అక్కరకొస్తుంది.

బి5 ఏమిటి, గుడికి అంకె ఏమిటి? 1898లో ఫ్రెంచివాళ్లు ఈ లోయకు వచ్చేసరికి గుడుల పేర్లు చెప్పేవాళ్లు ఇక్కడ లేరు. 1903, 1904లో ఆన్రీ పార్మాంతియే ఇక్కడే మకాం వేసి అడవి నరికించి, ప్రతి కట్టడాన్నీ కొలిచి బొమ్మ గీశాడు. గుంపుకో అక్షరం, గుడికో అంకె పెట్టాడు. ఆ బొమ్మలకు ఎంత విలువో ఇంకో గంటలో మీకే తెలుస్తుంది.

సి1. గడప ముందు అమ్మ చెప్పులు విప్పింది. మీరూ విప్పండి. తల వంచి లోపలికి రండి.

చీకటి. చల్లదనం. గబ్బిలాల వాసన. కళ్లు అలవాటు పడేదాకా కదలకండి. ఇప్పుడు తల ఎత్తండి. నాలుగు గోడలూ పైకి పోతూ దగ్గరవుతున్నాయి. ప్రతి ఇటుక వరుసా కింది వరుస కంటే కాస్త లోపలికి జరిగింది. అలా జరిగీ జరిగీ చివర చీకట్లో కలుసుకున్నాయి. కమాను లేదు, దూలం లేదు. మీ నెత్తిన ఉన్న బరువంతా ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడింది.

"దేవుడేడి నాన్నా?"

మధ్యలో పీఠం ఖాళీ. ఇక్కడ శివుడు లింగంగా కాక మనిషి రూపంలో నిలబడి పూజలందుకున్నాడు. ఇప్పుడు డానాంగ్‌లో, చాం శిల్పాల మ్యూజియంలో ఉన్నాడు. అమ్మ ఆ ఖాళీకి దండం పెట్టింది. పూలు మాత్రం సంచిలోంచి తీయలేదు.

బయట ఎండ ముదిరింది. మంచినీళ్లు తాగండి. ఒకేసారి తాగేయకండి, మీ దగ్గరున్నవి రెండు సీసాలే.

బి1 ముందు నిలబడ్డారు. ఈ క్షేత్రానికి పెద్దగుడి ఇదే. మిగిలింది రాతి పునాది. దాని నడుమ ఆకాశం కింద లింగం. నాలుగో శతాబ్దం చివర్లో భద్రవర్మ అనే రాజు ఈ లోయలో కొయ్యతో గుడి కట్టి, లింగాన్ని నిలిపాడు. తన పేరు కలిపి భద్రేశ్వరుడన్నాడు. చుట్టూ ఉన్న కొండలనే పొలిమేరలుగా శాసనంలో చెక్కించి లోయ మొత్తాన్నీ స్వామికి రాసిచ్చాడు. ఆ గుడి కాలిపోయింది. ఏడో శతాబ్దం మొదట్లో శంభువర్మ మళ్లీ కట్టించాడు. దేవుడికి శంభుభద్రేశ్వరుడని పేరు పెట్టాడు. పాతరాజు పేరు చెరపలేదు, తనది దానికి ముందు చేర్చాడు. ఆ తర్వాత పదమూడో శతాబ్దం దాకా రాజు మారినప్పుడల్లా ఇక్కడ ఇంకో గుడి లేచింది. మొత్తం డెబ్బైకి పైగా.

పక్కన నిలబెట్టిన రాతి పలక మీదికి వంగండి. అక్షరాల గుండ్రదనం చూస్తే ఎక్కడో చూసినట్టే ఉంటుంది. భాష సంస్కృతం. లిపి దక్షిణ భారతం నుంచి సముద్రం దాటి వచ్చిన కుటుంబంలోది. ఇలాంటి పలకల్లో 658 నాటిది ఒకటుంది. అందులో కౌండిన్యుడనే బ్రాహ్మణుడు ద్రోణుడి కొడుకు అశ్వత్థామ దగ్గర పొందిన బల్లేన్ని ఒక పట్నంలో పాతాడని, నాగకన్య సోమను పెళ్లాడాడని రాసి ఉంది. గైడ్ ఇది చెబుతుంటే అమ్మ కళ్లు పెద్దవయ్యాయి.

"అశ్వత్థామా? ఇంత దూరమా?"

ఇంత దూరమే. ఈ ప్రాంతానికి చంపా కాలంలో ఉన్న పేరు వింటే ఇంకా ఆశ్చర్యపోతుంది. అమరావతి. మన కృష్ణ ఒడ్డున ఉన్న పేరే.

"మరి ఇక్కడ దీపం ఎవరు పెడతారు?"

ఎవరూ పెట్టరు. పదిహేనో శతాబ్దంలో ఈ నేల ఉత్తరాన ఉన్న వియత్ రాజుల చేతికి పోయింది. చాం ప్రజలు దక్షిణానికి జరిగారు. వాళ్లు అంతరించిపోలేదు. ఇక్కడికి ఎంతో దక్షిణాన, నిన్ థువాన్ సీమలో, తెల్లబట్టలు కట్టిన పూజారులు పో క్లోంగ్ గరాయ్ గుడిలో ఇప్పటికీ ఏటేటా కాటే పండగ చేస్తారు. ఇక్కడ మాత్రం పూజ ఆగింది.

పది దాటింది. నాట్యశాల వైపు నుంచి జనం మాటలు దగ్గరవుతున్నాయి. కదలాలి. పక్కనే పొడవాటి మండపం ఉంది, చప్పున లోపలికి వచ్చి చూడండి. విరిగిన నంది, తలలేని దేవతలు, తామర రేకుల పీఠాలు. వాటి సరసన తుప్పుపట్టిన బాంబు గుల్లలు. పొడుగు చూడండి. మీ నడుము దాకా వస్తాయి. అమ్మ నంది మీంచి చూపు తిప్పి వాటి దగ్గర ఆగిపోయింది. ఏమీ అడగలేదు.

ఇక్కడ మళ్లీ ఎంచుకోవాలి. చాలామంది ఇక్కడి నుంచే వెనక్కి తిరుగుతారు. ఫొటోకు బాగున్నవన్నీ చూసేశారు. ముందుకు పోతే నీడ లేదు, దారి ఎక్కుడు. అక్కడ కూలినవే ఎక్కువ.

ముందుకే పదండి. మీసన్‌లో జరిగింది తెలియాలంటే కూలిన చోటే నిలబడాలి.

దారి వాగు దాటింది. చొక్కా వీపుకు అతుక్కుంది. కీచురాళ్లు చెవులు చిల్లులు పొడుస్తున్నాయి. చెట్లు తెరుచుకున్నాయి. ఎదురుగా ఇటుకల గుట్ట. దాని నడుమ రాతి పీఠం. చుట్టూ మోకాలెత్తు గోడలు.

ఇది ఏ1. ఇరవై మీటర్లు దాటిన గోపురం. చంపా శిల్పుల పనితనానికి ఇదే శిఖరమని పార్మాంతియే తరం మురిసిపోయింది. తూర్పున ఒక వాకిలి, పడమర ఒక వాకిలి. దాదాపు వెయ్యేళ్లు నిలబడింది. తుపాన్లకు నిలబడింది. రాజ్యాలు మారితే నిలబడింది. అడవి మింగినా నిలబడింది.

1969 ఆగస్టు. వియత్నాం యుద్ధం నడుస్తోంది. ఈ లోయలో వియత్ కాంగ్ గెరిల్లాలు తలదాచుకున్నారని అమెరికా సైన్యానికి తెలిసింది. మీరు ఇప్పుడు నిలబడ్డ చోటే నిలబడి తల ఎత్తండి. ఆకాశం ఖాళీగా ఉంది. బి-52 విమానం మరీ ఎత్తున ఎగురుతుంది. కింద ఉన్నవాడికి చప్పుడు వినబడేలోపే బాంబులు దారిలో ఉంటాయి. ఒక్క వారం. బాంబుల మీద బాంబులు. వారం చివరికి ఏ1 లేదు. లోయలో కట్టడాల్లో ఎక్కువ భాగం లేదు. పారిస్‌లో గిమే మ్యూజియం పండితుడు ఫిలిప్ స్టెర్న్ అధ్యక్షుడు నిక్సన్‌కు నిరసన పంపాడు. చాం కట్టడాలకు హాని చేయవద్దని ఆ తర్వాతే సైన్యానికి ఆదేశం వెళ్లింది. అప్పటికే ఏ1 ఈ గుట్ట అయిపోయింది.

శిథిలాలు చూస్తే కాలం కూల్చిందనుకుంటాం. ఈ గుట్ట కాలం చేసింది కాదు. మీ అమ్మ కంటే వయసులో చిన్నది.

ఆ గుట్టలోనే మన దేశపు చేతులు కూడా ఉన్నాయి. 2017 నుంచి 2022 దాకా భారత పురావస్తు శాఖ వాళ్లు ఇక్కడి పల్లెల కూలీలతో కలిసి ఏ, హెచ్, కె గుంపుల్లో పనిచేశారు. మట్టి తీసి, ఇటుకలు ఏరి, పడిపోతున్న గోడలను నిలిపారు. 2020 మే నెలలో, మీరు నిలబడ్డ ఈ ఏ గుంపులోనే, మట్టి కింద నున్నటి రాయి తగిలింది. తవ్వుతూ పోతే తొమ్మిదో శతాబ్దపు ఏకశిలా శివలింగం. ఒక్క పగులు లేదు.

తాడు ఇవతల నిలబడి చూస్తున్నారు. అమ్మ సంచి తెరిచింది. రాతి మీద ఏదీ పెట్టకూడదని గైడ్ ముందే చెప్పాడు. ఆమె పూలు తీసి, తాడుకు ఇవతల, దారి అంచున నేల మీద పెట్టింది. గైడ్ వద్దనలేదు.

పదిన్నర దాటింది. ఇ గుంపు వైపు నడుస్తున్నారు. దారి సన్నబడింది. గడ్డి నడుము దాకా ఉంది. అమ్మ, గైడ్ ముందున్నారు. మీరు కాస్త వెనకబడ్డారు.

దారికి కుడి పక్క గడ్డిలో ఏదో రాయి. చెక్కిన రాయి. సగం ముఖం కనబడుతోంది. నవ్వుతోంది. ఫోన్ తీశారు. గడ్డి అడ్డొస్తోంది. రెండడుగులు వేస్తే చాలు.

ఒక అడుగు వేశారు.

నేల మెత్తగా ఉంది. గడ్డి పక్కకు తోశారు. ముఖం ఇంకాస్త కనబడింది. ఇంకొక్క అడుగు. కాలు ఎత్తారు.

"ఆగండి!"

గైడ్ గొంతు అది. ఇందాకటి గొంతు కాదు.

"కాలు దించకండి. వెనక్కే పెట్టండి. మొదట పెట్టిన చోటే."

కీచురాళ్లు ఆగలేదు. మీకు వినబడటం లేదు. కాలు గాల్లో ఉంది. తొడ వణుకుతోంది. వెనక్కి చూడలేరు. చెమట కంట్లో పడింది.

మెల్లగా. వేళ్లు ముందు. ఆ తర్వాత మడమ.

రెండో కాలు. దారి. గట్టి నేల.

ఊపిరి వదలండి.

గైడ్ పరిగెత్తుకొచ్చాడు. తిట్టలేదు. యుద్ధం అయ్యాక ఈ లోయ నిండా మందుపాతరలు, పేలని గుండ్లు. శిథిలాల నుంచి ముందు వాటిని ఏరారు. ఏరుతూ సైనికులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. మనుషులు నడిచే దారులన్నీ వాళ్లు శుభ్రం చేసి ఇచ్చినవే. దారి దాటాక గడ్డిలో, కొండ వాలులో ఏముందో మీకు ఎవరూ హామీ ఇవ్వలేరు. క్వాంగ్ నామ్ పొలాల్లో ఇప్పటికీ పార కింద పాత గుండ్లు బయటపడుతూనే ఉన్నాయి.

అమ్మ మీ మణికట్టు పట్టుకుంది. ఇక వదలదు.

ఈ మలుపులోనే పెద్ద గుంత. గుండ్రంగా, లోతుగా, అడుగున రాత్రి వాన నీళ్లు. దానికి ఎవరూ పేరు చెప్పనక్కర్లేదు.

ముందుకు రండి. జి గుంపు. 1157లో జయహరివర్మ కట్టించిన గుడి. అరుగు చుట్టూ గుడ్లురిమి చూస్తున్న కాలముఖాలు, అన్నీ కాల్చిన మట్టివి. ఇక్కడి గోడలు జాగ్రత్తగా చూడండి. లేత రంగు ఇటుకలు కొత్తవని దూరం నుంచే తెలుస్తోంది. తెలియాలనే అలా పెట్టారు. ఇటలీ నిపుణులు ఇక్కడ ఏళ్ల తరబడి పని చేశారు. పాత ఇటుకను పరీక్షించి, దానికి సరిపడే ఇటుక స్థానికంగా చేయించి, చెట్టు బంక వాడి అతికించారు. పని నేర్చుకున్నది చుట్టుపక్కల ఊళ్ల జనం.

వాళ్ల కంటే ముందు, 1980ల మొదట్లో, పోలండ్ నుంచి కజిమియెర్జ్ క్వియత్కోవ్‌స్కీ అనే వాస్తుశిల్పి వచ్చాడు. అప్పటికి ఇక్కడ రోడ్డు లేదు, కరెంటు లేదు, మందుపాతరల భయం తీరలేదు. మీరు పొద్దున చూసిన బి, సి, డి గుంపులు ఈ రోజు మీ ముందు నిలబడి ఉన్నాయంటే అందులో ఆయన చెమట ఉంది. 1997లో హ్యూ నగరంలో పునరుద్ధరణ పనిలో ఉండగానే చనిపోయాడు. 1999లో యునెస్కో మీసన్‌ను ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. ఆయన చూడలేదు.

ఏ1ను మళ్లీ కట్టొచ్చు కదా అని మీకు అనిపిస్తుంది. పార్మాంతియే బొమ్మలున్నాయి, కొలతలున్నాయి. కట్టలేదు. కట్టేది మన ఊహ అవుతుంది, వాళ్ల గుడి అవదు. ఉన్నది కూలకుండా కాపాడటం ఒక్కటే మన హక్కు. కానీ పోయిన గోపురం ఎలా ఉండేదో ఈ రోజు మనకు తెలుసంటే, ఎండలో నిలబడి కొలిచిన ఆ మనిషి వల్లే.

పదకొండుంబావు. బండి ఎక్కండి. కాళ్లు లాగుతున్నాయి. గేటు దగ్గర మళ్లీ ఒక ప్రశ్న ఎదురైంది.

"బస్సులో పోతే గంటలో హోయ్ ఆన్. పడవలో పోతే ఇంకాస్త ఆలస్యం. అమ్మకు ఎండ తగిలింది. ఏం చేద్దాం?"

ఏసీ బస్సు ఎదురుగా ఉంది. తలుపు తెరిచే ఉంది. పడవను టూరు చివర తగిలించిన సరదా అనుకుంటే బస్సెక్కి పడుకోండి. జేబులో వేసుకున్న ప్రశ్న గుర్తుందా? దానికి జవాబు నది మీదే ఉంది.

"నీళ్ల మీద గాలి తగులుతుంది. పడవే," అంది అమ్మ.

రేవు. బురద గట్టు మీంచి పడవకు ఒక బల్ల వేసి ఉంది. జానెడున్నర వెడల్పు. అడుగేస్తే ఊగుతోంది. సరంగు అవతలి నుంచి చెయ్యి చాచాడు. అమ్మను ముందు పంపుతారా, మీరు ముందు ఎక్కి అందుకుంటారా? మీరే ముందు ఎక్కండి. ఇప్పుడు తిరిగి చెయ్యి ఇవ్వండి. ఆమె కింద నీళ్లు చూస్తోంది. "నన్ను చూడమ్మా, నీళ్లు కాదు." ఒకడుగు. బల్ల వంగింది. రెండడుగులు. చెయ్యి అందింది. లాగండి.

కూర్చున్నారు. లైఫ్ జాకెట్ కట్టండి, అమ్మది మీరే బిగించండి. ఇంజను డబడబమంది. గాలి వచ్చింది. పొద్దుట నుంచి మొదటిసారి ఒళ్లు చల్లబడింది.

ఇది తూబోన్ నది. గోధుమ రంగు నీళ్లు, రెండు గట్ల మీదా మొక్కజొన్న, వెదురు. ఎదురొస్తున్న పడవల ముక్కుకు రెండు వైపులా కళ్లు గీసి ఉన్నాయి. దారి తప్పకుండా అవే చూసుకుంటాయని ఇక్కడివాళ్ల నమ్మకం. ఒక ఇంటి గోడ మీద మనిషెత్తున మట్టి చార కనబడుతోంది. సరంగు వేలు చూపించాడు. అక్టోబరు, నవంబరు వరదలకు నీళ్లు అక్కడిదాకా వస్తాయి.

కూరగాయలతో వేయించిన అన్నం ప్లేట్లు వచ్చాయి. అమ్మ ఒకటికి రెండుసార్లు అడిగి, మాంసం లేదని తేలాక తింటోంది. మీరు తింటూనే వెనక్కి చూడండి. దూరంగా, కొండల వరుసలో ఒక మొన విడిగా లేచి ఉంది. పొద్దున గోపురాల వెనక కనబడ్డది అదే. చంపావాళ్లకు అది మహాపర్వతం. దాని ఒడిలోని లోయ దేవుడిది. ఈ గట్టు వెనక, లోతట్టున ట్రాకియూ ఉంది. అదే సింహపురం, చంపా తొలి రాజధాని. 1920లలో ఫ్రెంచివాళ్లు తవ్వి బయటపెట్టారు. అది రాజుది. నది సముద్రంలో కలిసే చోట రేవు, అది వర్తకులది. గుడి, కోట, రేవు. మూడింటినీ కలిపి కట్టిన తాడు ఈ నది.

ఇప్పుడు లెక్క సరిపోయిందా? అగరు చెక్క, దాల్చినచెక్క కొండల నుంచి ఈ నీళ్ల మీదే కిందికి దిగాయి. చైనా నుంచి, అరబ్బు దేశాల నుంచి, మన తీరాల నుంచి వచ్చిన ఓడలు ఈ నదీముఖం దగ్గరే ఆగాయి. ఆ సొమ్ముతోనే డెబ్బై గుడులు లేచాయి. సంస్కృతం, శివుడు, అశ్వత్థామ కథ కూడా ఏదో ఓడ దిగి, ఇలాంటి పడవే ఎక్కి, ఎదురు ప్రవాహంలో లోయకు చేరాయి. కొండల నడుమ గుడికి పడవ కప్పు పెట్టినవాళ్లు నీళ్లను నమ్ముకుని బతికినవాళ్లు. బస్సులో వెళ్లి బస్సులో వస్తే గుడులు చూసినట్టే. అవి ఎందుకు ఉన్నాయో తెలిసేది ఈ నది మీదే.

గాలి మారింది. కొండల మీద మబ్బు నల్లబడింది. నీళ్ల మీద గరుకు లేచింది. సరంగు ఏమీ అనకుండా తాటిపత్రి పరదా దించాడు. వేగం పెంచాడు. పడవ ఒక పక్కకు ఒరిగింది. అమ్మ మీ చెయ్యి పట్టింది. చినుకు. ఇంకో చినుకు. పడవ గట్టు దగ్గరగా జరిగింది. ఎదుట కిం బోంగ్ వడ్రంగుల ఊరు. కడుతున్న పడవల పక్కటెముకలు గట్టు మీద కనబడుతున్నాయి. మబ్బు వెనకే ఉండిపోయింది. హోయ్ ఆన్ పసుపు గోడలు ముందుకొచ్చాయి.

ఒకటిన్నర. పూట అయిపోయింది. గైడ్ చేతులు కలిపి సెలవు తీసుకున్నాడు. గదికెళ్లి పడుకోవచ్చు. మీ ఒళ్లు అదే అడుగుతోంది.

ఇంకొక్కటి ఎంచుకోండి. ఇక్కడికి ముప్పై కిలోమీటర్లలో డానాంగ్ ఉంది. అక్కడి చాం శిల్పాల మ్యూజియం సాయంత్రం దాకా తెరిచి ఉంటుంది. మీసన్ ఇ1 గుడి పీఠం అక్కడుంది. దాని చుట్టూ వేణువు ఊదే తాపసులు, నాట్యగత్తెలు. విష్ణువు నాభి నుంచి పుట్టిన బ్రహ్మ కూడా అక్కడే ఉన్నాడు. సి1లో ఖాళీ పీఠానికి దండం పెట్టిన అమ్మకు ఆ స్వామిని చూపించవచ్చు. లోయలో మీరు చూసింది ఇల్లు. ఇంటివాళ్లు డానాంగ్‌లో ఉన్నారు.

మీరు ఇంకా ఆలోచిస్తున్నారు. అమ్మ చెప్పులకంటిన బురద రాతి మెట్టుకు రాసి, చెంగుతో ముఖం తుడుచుకుంది.

"కారు మాట్లాడు నాన్నా."

మాట్లాడండి.